హింస: కళింగ శాసనాల నుంచి ‘యజ్ఞం’ కథ వరకు - ఒక పదార్థ పరిశీలన

1. ఉపోద్ఘాతం

వంశధార సముద్రంలో కలిసే చోట ఉన్న కళింగపట్నం తన పేరులోనే కళింగను నిలుపుకుంది. దానికి చేరువలో, నది ఒడ్డు కొండపై శాలిహుండం బౌద్ధ స్తూపాలున్నాయి. అహింసను ధర్మంగా బోధించిన మతం వేళ్లూనిన ఈ ప్రాంతమే ఆధునిక కాలంలో భూమి, అప్పు, వెట్టి చుట్టూ అల్లుకున్న కథాసాహిత్యానికీ నెలవైంది. ‘హింస’ అనే పదం ఏ గాయానికి పేరు పెడుతుంది, దేనికి పెట్టకుండా వదిలేస్తుంది అన్నది ఇక్కడి పరిశీలనాంశం.

2. శాసనాల్లో పదం

అశోకుని 4వ శిలాశాసనంలో ‘విహింస’ అనే మాట ప్రాణులకు కలిగించే బాధను తెలుపుతుంది. కళింగ యుద్ధాన్ని వర్ణించే 13వ శాసనం లక్ష మంది హతులయ్యారని, లక్షా యాభై వేల మంది తరలింపునకు గురయ్యారని చెబుతూ వధ, మరణం, అపవాహం వంటి మాటలను ఆశ్రయించింది. ఈ పశ్చాత్తాప శాసనం కర్నూలు ప్రాంతపు ఎర్రగుడిలో ఉంది. కళింగలోని ధౌళి, జౌగడలలో మాత్రం లేదు. అక్కడ 11, 12, 13 శాసనాలకు బదులుగా ప్రత్యేక శాసనాలను చెక్కించారు. గాయపడిన నేల మీద ఆ గాయం ప్రస్తావన లేకపోవడం గమనార్హం. హింసకు పేరు పెట్టే అధికారం తరచుగా పాలకుని చేతిలోనే ఉంటుందనడానికి దీన్ని తొలి సాక్ష్యాల్లో ఒకటిగా పరిగణించవచ్చు.

3. ‘యజ్ఞం’ అనే పేరు

వేదవిహితమైన పశువధ పాపహేతువు కాదని మీమాంసకులు వాదించారు. ఆ కర్మలోనూ అశుద్ధి ఉందని సాంఖ్యులు అన్నారు. అంటే విధి అనే ముద్ర పడితే చంపడం కూడా హింస పరిధి దాటిపోగలదా అన్న వివాదం ప్రాచీనమైనదే. 1966లో వెలువడిన కాళీపట్నం రామారావు కథ ‘యజ్ఞం’ శీర్షిక ఈ వివాదాన్ని పల్లెలోకి తెచ్చింది. సుందరపాలెంలో అప్పల్రాముడి అప్పుపై పంచాయితీ జరుగుతుంది. పెద్దలు ధర్మం మాట్లాడతారు. పద్ధతి తప్పరు. అయినా ఆ తీర్పు ఒక కుటుంబాన్ని బానిసత్వంలోకి నెడుతుంది. చివరికి సీతారాముడు తన పసిబిడ్డనే చంపుతాడు.

ఈ ముగింపు ఔచిత్యంపై సాహిత్యలోకంలో విస్తృతమైన చర్చ జరిగింది. చర్చ నెత్తురు కనిపించిన చోటనే ఆగితే శీర్షిక వేసిన ప్రశ్న మరుగున పడుతుంది. బలి చివరి ఘట్టంలో మొదలు కాలేదు. అప్పు తీర్చడమే ధర్మమని అందరూ అంగీకరించిన క్షణంలోనే మొదలైంది. రచయిత దానిని ‘హింస’ అనలేదు. హింస కాదని సమాజం నమ్మే కర్మ పేరునే పెట్టాడు. ‘హింస’ అనే శీర్షికతో ఆయన వేరే కథ రాశాడన్న విషయం గుర్తుంచుకుంటే ఈ పేరు ఎంపిక మరింత ఆలోచింపజేస్తుంది.

4. వ్యవహారం, చట్టం

తెలుగు వ్యవహారంలో ‘హింస పెట్టడం’ అంటే కొట్టడమే కాదు, మాటలతో వేధించడం కూడా. ఆంగ్లంలోని ‘వయొలెన్స్’ బలప్రయోగాన్ని ముందుకు తెస్తే, ‘హింస’ బాధపడేవారి వైపు మొగ్గుతుంది. 2005 నాటి గృహహింస చట్టం శారీరక, లైంగిక, మానసిక, ఆర్థిక వేధింపులను ఒకే పదం కిందికి తెచ్చినప్పుడు, ఆ విస్తృతికి తెలుగు నుడికారంలో చోటు అప్పటికే సిద్ధంగా ఉంది. మరోవైపు ‘హింసాత్మక ఘటనలు’ వంటి పత్రికాభాష పదాన్ని రాళ్లు, నిప్పు, తుపాకుల దగ్గరికి కుదించింది. 1967 అక్టోబరు 31న లేవిడిలో ఇద్దరు గిరిజనులు కాల్పుల్లో మరణించారు. శ్రీకాకుళ ఉద్యమ చరిత్రను ఆ రోజుతో మొదలుపెట్టాలా, అంతకుముందటి వెట్టితో మొదలుపెట్టాలా అన్నది ఈ పదానికి ఇచ్చే అర్థాన్ని బట్టే తేలుతుంది.

5. ముగింపు

పద విస్తృతికీ ఒక ప్రమాదం ఉంది. ప్రతి అసౌకర్యమూ హింసే అయితే బిడ్డ మరణానికీ చిరాకుకూ తేడా చెరిగిపోతుంది. కాబట్టి పరిశోధకుడు ‘ఇది హింసా, కాదా’ అన్న దగ్గర ఆగకూడదు. గాయం ఎవరిది, దానిని ఏ పేరుతో పిలిచారు, ఆ పేరు ఎవరిని కాపాడింది అనే మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ‘యజ్ఞం’ కథ తెలుగు విమర్శకు అందించిన పరికరం ఇదే.