అమ్మ ఇంటిపేరు ఎంతదాకా?

గాబ్రియేల్ గార్సియా మార్క్వెజ్‌ని మనవాళ్ళు పొట్టిగా 'మార్క్వెజ్' అంటారు. స్పానిష్ మాట్లాడేవాళ్ళకి ఇంటిపేర్లు రెండు. ముందు నాన్నది, వెనక అమ్మది. గార్సియా ఆయన తండ్రిది, మార్క్వెజ్ తల్లిది. అంటే మనం తెలీకుండానే తండ్రిని వదిలేసి తల్లినే తలుచుకుంటున్నామన్నమాట!

ఆయన 1967 నవల 'వందేళ్ళ ఏకాంతం'లో అందరూ అర్కాడియోలూ, ఆరెలియానోలే అని చాలామంది విసుక్కుంటారు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకి ఆ విసుగెందుకో! అసలు కథ ఆ పేర్లలోనే ఉంది. కల్నల్‌కి 17 మంది స్త్రీల వల్ల 17 మంది కొడుకులు. పేరు అందరికీ తండ్రిదే, ఇంటిపేరు మాత్రం ఎవరి తల్లిది వాళ్ళకి. యుద్ధాలు చేసే తండ్రి పేరొక్కటే ఇచ్చాడు.

ఇక ఉర్సులా ఇగ్వరాన్‌ని చూడండి. బుయెందియాల ఇంటిని జీవితమంతా మోసింది. పెళ్ళయినా తన ఇంటిపేరు తనదే. పెళ్ళినాడే ఇంటిపేరు మార్చుకున్న మనకి ముచ్చటేస్తుంది. కానీ ఆ పద్ధతిలో అమ్మ ఇంటిపేరు పిల్లలదాకానే. కొడుకు పిల్లల దగ్గరికొచ్చేసరికి జారిపోతుంది. స్పెయిన్‌లో 1999 చట్టం వచ్చాకగానీ తల్లి ఇంటిపేరు ముందు పెట్టుకునే వీలు తల్లిదండ్రులకి రాలేదు. ఆ తల్లి ఇంటిపేరైనా ఆమె తండ్రి ఇచ్చిందే కదా!

వంశం కథంటూ మొదలెట్టిన నవలలో, ఆ వంశాన్ని నిలబెట్టిన మనిషి పేరే మనవలకి మిగల్లేదు. నన్ను కదిలించింది అదే.