గంగౌలీ దాకా వెళ్ళొచ్చాక

నన్ను రెండు మెచ్చుకోళ్ళు చాలాకాలంగా బాధపెడుతున్నాయి. మొదటిది మా కంకిపాడులో వినిపిస్తుంది. "సాయిబుగారూ, మీరు తెలుగు ఎంత చక్కగా మాట్లాడతారండీ!" అనేవాళ్ళు చెడ్డవాళ్ళు కారు. నా మీద అభిమానంతోనే అంటారు. మా తాతముత్తాతలు ఈ మట్టిలోనే కలిశారు. బందరు కాలవ నీళ్ళు తాగి పెరిగినవాడికి తెలుగు రావడంలో గొప్పేముంది? పక్కింటి చౌదరిగారి అబ్బాయిని ఈ మాట ఎవరూ అనరే! రెండో మెచ్చుకోలు వింధ్య దాటాక వినిపిస్తుంది. "ఆంధ్రా నుంచి వచ్చారా? అయినా ఉర్దూ వచ్చే మీకు!" అక్కడ నా మతానికి నా భాష సాక్ష్యం చెప్పాలి. ఇక్కడ నా భాషకు నా మతం అడ్డం.

ఈ రెండు మెచ్చుకోళ్ళ మధ్య ఇరుక్కున్నవాడే తెలుగు ముస్లిం. ఇందులోంచి బయటపడే దారి వెతుక్కుంటూ ఒక నవల చదివాను. చదివి ఊరుకోలేక అది పుట్టిన ఊరు చూడడానికి బయల్దేరాను. ఆ నవల రాహీ మాసూమ్ రజా రాసిన 'ఆధా గావ్'. 1966లో హిందీలో వచ్చింది. ఊరు గంగౌలీ, ఉత్తరప్రదేశ్‌లోని గాజీపూర్ జిల్లా. రజా 1927లో పుట్టాడు, 1992లో పోయాడు. టీవీలో 'మహాభారత్' సీరియల్‌కు మాటలు రాసింది ఈయనే అంటే మనవాళ్ళు ఇప్పటికీ ఆశ్చర్యపోతారు. ఆ ఆశ్చర్యం కూడా పైన చెప్పిన మెచ్చుకోలు లాంటిదే.

బెజవాడలో సంఘమిత్ర ఎక్కాను. టికెట్టు మీద పండిట్ దీన్‌దయాళ్ ఉపాధ్యాయ జంక్షన్ అని ఉంది. 2018 దాకా అది మొగల్‌సరాయ్. పెట్టెలో మాత్రం దిగేవాళ్ళూ ఎక్కేవాళ్ళూ, కూలీలూ, చాయ్ కుర్రాడూ అందరూ మొగల్‌సరాయ్ అనే అంటున్నారు. బోర్డు మార్చినంత తేలిగ్గా నోరు మారదు. అక్కణ్ణించి బస్సులో గాజీపూర్ చేరాను.

గాజీపూర్‌లో చూడాల్సినవి చూపించారు. కుంఫిణీ కాలం నాటి నల్లమందు ఫ్యాక్టరీ. 1805లో అక్కడే పోయిన కారన్‌వాలీసు సమాధి. ఆ సమాధి ముందు నిలబడితే మా జిల్లా గుర్తొచ్చింది. 1793లో బెంగాల్లో శాశ్వత శిస్తు పెట్టినవాడు ఈయనే. ఆ పద్ధతే 1802 తర్వాత మన ఉత్తర సర్కార్లకూ వచ్చింది. గంగౌలీ సయ్యదుల జమీందారీకీ మా చల్లపల్లి, నూజివీడు జమీందారీలకీ చరిత్రలో ఎక్కడో చుట్టరికం ఉంది. తేడా ఒక్కటే. అక్కడి జమీందార్లలో ముస్లింలు ఉన్నారు. ఇక్కడి డెల్టా ముస్లింలలో ఎక్కువమందికి భూమి లేదు. టైలరు, మెకానిక్కు, పళ్ళబండి, రిక్షా తర్వాత ఆటో. కోటలు మనం కట్టించామని మమ్మల్ని తిట్టేవాళ్ళకు ఈ సంగతి పట్టదు.

బస్టాండు దగ్గర చాయ్ దుకాణంలో ఒక పెద్దాయన కలిశాడు. మగ్గం మీద గంఛాలు నేసే మనిషి. రెండో కప్పు పోయించబోతే "నక్కో చాచా" అన్నాను. ఆయన పకపకా నవ్వాడు. "ఏ కౌన్ సీ జబాన్ హై మియా?" అని అడిగాడు. వద్దు అనడానికి దక్కన్ అంతా వాడే మాట అని చెప్పాను. మా ఇంట్లో అమ్మీ నాతో మొదట అన్న మాట బహుశా అదే అయ్యుంటుంది. చెప్పేటప్పుడు నా గొంతులో ఎక్కడో సిగ్గు. ఉర్దూ మహాసముద్రంలో మా దక్కనీ మురిక్కాలవ అని చిన్నప్పట్నించీ నేర్పారు కదా! అంతలో ఆయన మనవడొచ్చి ఏదో అడిగాడు. తాతా మనవడూ భోజ్‌పురీలో మాట్లాడుకున్నారు. నాకొక్క ముక్క అర్థం కాలేదు. "ఇంట్లో ఏం మాట్లాడతారు చాచా?" అన్నాను. "ఘర్ మే తో భోజ్‌పురీ. ఉర్దూ మెహమానోం కే లియే." ఇంట్లో భోజ్‌పురీ, చుట్టాలొస్తే ఉర్దూ.

నేను బెజవాడ నుంచి మోసుకొచ్చిన సిగ్గు ఆ చాయ్ దుకాణంలో దిగిపోయింది. ఏ ఉత్తరాది కస్బాను అసలు ముస్లిం గడ్డ అని మనం తలెత్తి చూస్తామో, ఆ గడ్డ మీద కూడా ఉర్దూ చుట్టపు భాషే. ఇంటి భాష ఊరి భాష. రజా తన నవల నిండా పరిచింది ఈ నిజాన్నే. సయ్యద్ దొరలు జనానాలో, మర్దానాలో, పొలం గట్ల మీద భోజ్‌పురీ కలిసిన ఉర్దూలో తిట్టుకుంటారు, ఏడుస్తారు, పెళ్ళి సంబంధాలు మాట్లాడుకుంటారు. ఆ తిట్లు చూసి బూతు నవల అన్నవాళ్ళున్నారు. తిట్టు తీసేస్తే ఆ మనుషులు సగం చచ్చిపోతారు. వాళ్ళను మర్యాదస్తుల్ని చేసి మనకు చూపించాలని రజా అనుకోలేదు. ముస్లిం పాత్ర అనగానే షేర్వానీ తొడిగి, అత్తరు పూసి, ఒక షేర్ చదివించే సినిమా ముస్లింకి ఇది జవాబు.

నవలకు కేంద్రం మొహర్రం. ఊళ్ళో సయ్యదులు ఉత్తర పట్టీ, దక్షిణ పట్టీ అని రెండు ముఠాలు. ఎవరి తాజియా గొప్ప, ఎవరి మాతం గొప్ప అని పంతాలు. ఏడుపులో కూడా పోటీ. మా వైపు పీర్ల పండగ చూసినవాళ్ళకు ఇది కొత్త కాదు. నిప్పుల గుండం, పీరు పట్టే మనిషి, మొక్కుకునే హిందూ ఆడవాళ్ళు, చదివింపుల దగ్గర పెద్దమనుషుల తగాదాలు. అక్కడ షియా దొరల మొహర్రం, ఇక్కడ కూలీనాలీ జనం పీర్ల పండగ. రెండూ ఊరివే. వీటిని మతసామరస్యం అనే తగరపు డబ్బాలో పెట్టి మూత వేసేస్తారు మన లౌకికవాద మిత్రులు. సామరస్యం అంటే తగాదాలు లేకపోవడం అనుకుంటారు. ఒకే ఊరివాళ్ళం గనకే తగాదా పడ్డాం అని రజా చూపిస్తాడు.

తర్వాత పాకిస్తాన్ మాట ఊళ్ళోకి వస్తుంది. అలీగఢ్ నుంచి కుర్రాళ్ళు ప్రచారానికి వస్తారు. యుద్ధం నుంచి తిరిగొచ్చిన తన్నూ వాళ్ళతో వాదిస్తాడు. భయం పునాది మీద కట్టేది ఏదీ మంచిది కాదన్నది అతని వాదన సారం. గంగౌలీ జనానికి పాకిస్తాన్ ఎక్కడుందో తెలియదు. మన చింతచెట్టు, మన సమాధులు అక్కడుంటాయా అన్నట్టుగా ఉంటుంది వాళ్ళ అయోమయం. అయినా దేశం విడిపోతుంది. కొడుకులు వెళ్ళిపోతారు. ఆడపిల్లలకు సంబంధాలు దొరకవు. జమీందారీ రద్దవుతుంది. ఊరు సగమైపోతుంది.

నన్ను నిద్రపోనివ్వని ఘట్టం ఒకటుంది. 1942లో కాసిమాబాద్ పోలీసుస్టేషన్ మీద జనం పడినప్పుడు కాల్పుల్లో పున్నన్ మియా కొడుకు ముంతాజ్ చనిపోతాడు. తర్వాత ఎప్పుడో అమరుల కోసం సభ పెడతారు. నాయకుడొచ్చి పేర్లు చదువుతాడు. ఆ పేర్లలో ముంతాజ్ లేడు. ముసలి తండ్రి లేచి, ఇక్కడ నా కొడుకు కూడా చనిపోయాడు, మీకెవరూ చెప్పినట్టు లేదు, వాడి పేరు ముంతాజ్ అని చెప్పుకుంటాడు. కేకలు వేయడు. తిట్టడు. ఊరంతా తిట్లతో నిండిన ఆ నవలలో ఇంత అవమానం జరిగినచోట తిట్టు లేకపోవడమే గుండెను పిండేస్తుంది.

ఇది చదివి తెలుగు సాహిత్యాన్ని నిందించబోయాను. న్యాయంగా ఆలోచిస్తే ఆగాల్సొచ్చింది. విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల చేతుల్లో చనిపోయిన షేక్ బందగీ పేరు మన నాటకం మర్చిపోలేదు. సుంకర, వాసిరెడ్డి 1947లో రాసిన 'మా భూమి' ఆ కథ మీదే నిలబడింది. ఈ డెల్టా ఊళ్ళలో పందిళ్ళేసుకుని జనం చూశారు. రజాకార్లకు వ్యతిరేకంగా రాసి 1948 ఆగస్టులో హైదరాబాదులో హత్యకు గురైన పత్రికా సంపాదకుడు షోయబుల్లా ఖాన్. ఆ పేరు తలచుకోకుండా నేను పాత్రికేయుణ్ణని చెప్పుకోలేను. పేర్లు ఉన్నాయి. అయితే బందగీని రైతుగా గుర్తుపెట్టుకున్నాం. షోయబుల్లాను దేశభక్తుడిగా గుర్తుపెట్టుకున్నాం. వాళ్ళు ఇంట్లో ఏ భాషలో నవ్వుకున్నారు, వాళ్ళమ్మలు ఏమని ఏడ్చారు అన్న సంగతి మనకెవరూ చెప్పలేదు. ముస్లిం చనిపోయాకే మన కథల్లో మంచివాడు. బతికుండగా అతనికి ఇల్లు లేదు.

నవలతో నాకు పేచీ కూడా ఉంది. రజా ఎంత తెగించి రాసినా ఆ కన్ను సయ్యదు కన్నే. జులాహాలు, రాకీలు కథ అంచుల్లో తిరుగుతారు. దొరల రక్తపు గొప్పలను రజా వెక్కిరిస్తాడు, నిజమే. దొరలు కూలిపోతుంటే మాత్రం ఆయన గొంతు తడబడుతుంది. మగ్గం ముందు కూర్చున్నవాడికి జమీందారీ పోవడం సగం ఊరు పోవడం కాదు కదా! చాయ్ దుకాణం చాచాను ఈ నవల గురించి అడిగితే, "వో తో సయ్యదోం కీ కహానీ హై" అనేసి గంఛా దులుపుకున్నాడు. నేను చదివిన సమీక్షలన్నిటికంటే పదునైన సమీక్ష అది. ఆ లోటు పూడ్చడానికి హిందీలో బనారస్ నేతగాళ్ళ మీద అబ్దుల్ బిస్మిల్లా 1986లో 'ఝీనీ ఝీనీ బీనీ చదరియా' రాయాల్సొచ్చింది.

ఇక్కడే నాకు మన ఇల్లు గుర్తొచ్చింది. గంగౌలీ జులాహా రాయని పుస్తకం లాంటిది మనకుంది. బుర్రకథ షేక్ నాజర్ జీవితకథ. పేరు 'పింజారి'. దూది ఏకే కులం పేరే, ఊళ్ళో తిట్టుగా వాడే మాటే, పుస్తకం అట్ట మీదికెక్కింది. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టి, పల్నాటి యుద్ధాన్నీ బొబ్బిలి యుద్ధాన్నీ తెలుగువాళ్ళకు కళ్ళకు కట్టించిన మనిషి ఆయన. 1986లో పద్మశ్రీ వచ్చింది. కరవదిలో పుట్టిన షేక్ చినమౌలానా నాదస్వరం శ్రీరంగం దాకా వెళ్ళింది. దూదేకుల ఇళ్ళలో తెలుగే తల్లిభాష. ఉర్దూ రాదని వాళ్ళను తక్కువ చూసింది ఎవరు? మేమే. ఉర్దూ వచ్చిన సాయిబులం. ఉత్తరాదివాడు నా నక్కోకు నవ్వితే నాకు పొడుచుకుంది. మా ఇంట్లో దూదేకులవాళ్ళ మాట మీద నవ్వినప్పుడు ఎవరికీ ఏమీ పొడుచుకోలేదు. 2007లో వెనకబడ్డ ముస్లిం కులాలకు నాలుగు శాతం రిజర్వేషన్ చట్టం వచ్చినప్పుడు, ఇస్లాంలో కులాలెక్కడివి అని మనలోనే కొందరు లేచారు. గంగౌలీలో అడగండి చెబుతారు. కంకిపాడులో పిల్లనివ్వమని అడగండి, ఇంకా బాగా చెబుతారు.

ముస్లింవాద సాహిత్యం ఏం చేసింది? 1991లో ఖాదర్ మొహియుద్దీన్ 'పుట్టుమచ్చ' వచ్చింది. 1992 డిసెంబరు తర్వాత మన గొంతులు మారిపోయాయి. 1998లో 'జల్‌జలా' సంకలనం వచ్చింది. నేరం మోపినవాడి ముందు నిలబడి జవాబు చెప్పిన కవిత్వం అది. అప్పుడది చెప్పకపోతే మనం లేము. కాని ఎంతకాలమని బోనులో నిలబడే మాట్లాడతాం? మీరు బయటివాళ్ళు అన్న మాటకు రజా నవల మధ్యలో ఆగి ఇచ్చిన జవాబు వేరు. విశ్వాస పరీక్ష రాయలేదు. నేను గాజీపూర్‌వాణ్ణి, గంగౌలీవాణ్ణి, ఈ బంధం తెగదు అన్నాడు. ఆపైన నిరూపించడానికి ఊరిని మొత్తం, మురిక్కాలవతో సహా, మన ముందు పోశాడు. 1999లో ఖదీర్‌బాబు 'దర్గామిట్ట కథలు' నెల్లూరు వైపు మనుషుల్ని అలాగే తెచ్చింది. అందులో ఎవరూ సంజాయిషీ చెప్పుకోరు. మా డెల్టా నుంచి అలాంటి నవల కోసం నేను ఎదురుచూస్తున్నాను.

ఆ అవసరం ఇప్పుడు సాహిత్యానికి మాత్రమే సంబంధించింది కాదు. 2019లో పౌరసత్వ సవరణ చట్టం వచ్చినప్పుడు మా ఇంట్లో ఇనప్పెట్టె తెరిచాం. అబ్బా రేషన్ కార్డు దొరికింది. దాదీమా పుట్టిన తేదీ దొరకలేదు. ఆమె ఫలానా వరదొచ్చిన ఏడు పుట్టిందని మాత్రం మాకు తెలుసు. ఆ వరద కథ ఆమె తెలుగులో చెప్పేది, ఏడుపు ఉర్దూలో ఏడ్చేది. ఏ ఆఫీసులోనూ దానికి ముద్ర వేయరు. ఆ కాగితం రచయితే రాయాలి.

గంగౌలీలో ఒక పూట తిరిగాను. నవల్లోని మనుషుల్ని వెతకడం తెలివితక్కువని అరగంటలోనే అర్థమైంది. ఎవరిదో ఇంటి ముందు కూర్చోబెట్టి నీళ్ళిచ్చారు. "ఏ ఊరు?" అన్నారు. ఎప్పుడూ అలవాటుగా హైదరాబాద్ అనేస్తాను, చార్మినార్ పేరు చెబితే తొందరగా ఒప్పుకుంటారని. ఆ రోజు కంకిపాడు అన్నాను. వాళ్ళకు నోరు తిరగలేదు. మళ్ళీ చెప్పాను. మూడోసారికి సరిగ్గా అన్నారు.