న్యాయమూర్తికి న్యాయమూర్తి ఫోన్ చేస్తే

తల్లి ఒక దేశంలో, తండ్రి మరో దేశంలో. మధ్యలో బిడ్డ. రెండుచోట్లా కోర్టులో కేసులు. ఇక్కడి న్యాయమూర్తికి అక్కడ ఏం జరుగుతోందో తెలియాలంటే చాలాకాలం ఇరుపక్షాల అఫిడవిట్లే దిక్కు. వాటిలో నిజం ఎంతో, కోపం ఎంతో విడదీయడం కష్టం.

1998లో నెదర్లాండ్స్‌లోని డి రూవెన్‌బెర్గ్‌లో న్యాయమూర్తుల సదస్సు జరిగింది. ఇంగ్లండ్ అప్పీలు కోర్టు న్యాయమూర్తి మాథ్యూ థోర్ప్ అక్కడ ఒక ప్రతిపాదన చేశారు. ప్రతి దేశమూ ఒక సిట్టింగ్ జడ్జిని ఇందుకోసం నియమించాలి, వాళ్లు ఒకరితో ఒకరు నేరుగా మాట్లాడుకోవాలి. అలా మొదలైన హేగ్ అంతర్జాతీయ న్యాయమూర్తుల నెట్‌వర్క్‌లో ఇవాళ 80కి పైగా దేశాలవారు ఉన్నారు.

అయితే కక్షిదారుల చాటున ఎవరితోనూ కేసు మాట్లాడకపోవడం జడ్జికి ప్రాణసూత్రం. మరి ఆ ఫోన్ ఎలా చేయాలి? ఈ చిక్కును విప్పిన పనితనమే నన్ను కట్టిపడేసింది. 2001లో హేగ్‌లో కూర్చున్న నిపుణులు తొలి హద్దు గీశారు: ఏర్పాట్ల గురించి, సమాచారం కోసం మాత్రమే మాట్లాడాలి. 2013లో హేగ్ కాన్ఫరెన్స్ అనే అంతర్జాతీయ సంస్థ ప్రచురించిన మార్గదర్శక సూత్రాలు ఆ హద్దులకు పూర్తి రూపం ఇచ్చాయి. ఏ విషయం మాట్లాడబోతున్నారో, ప్రత్యేక పరిస్థితుల్లో తప్ప, ఇరుపక్షాలకూ చెప్పాలి. మాట్లాడినదానికి ఒక రికార్డు ఉండాలి, అది వాళ్లకు అందుబాటులో ఉంచాలి. ఏదైనా నిర్ణయానికి వస్తే అది కాగితం మీదికి రావాలి. అవసరమైన కేసుల్లో వకీళ్లు కూడా లైన్‌లో ఉండే వీలు కల్పించాలి. ఇంత మాట్లాడుకున్నాక కూడా ఎవరి తీర్పు వాళ్లదే. చివరికి రెండు దేశాల గడియారాల తేడాను కూడా ఈ సూత్రాలు మరచిపోలేదు. పెద్ద ఆదర్శాలు రాయడం తేలిక. ఇంత చిన్న విషయాన్ని గుర్తుపెట్టుకుని రాయడంలోనే అనుభవం కనిపిస్తుంది.

దీని విలువ ఎక్కడ తెలుస్తుందంటే, బిడ్డను వెనక్కి పంపే ఘట్టంలో. పిల్లలను అక్రమంగా మరో దేశానికి తీసుకెళ్లిన కేసులకు వర్తించే 1980 హేగ్ ఒప్పందం కస్టడీని తేల్చదు. బిడ్డను తాను మామూలుగా నివసించే దేశానికి తిప్పి పంపాలా అన్నదే చూస్తుంది. ఆరు వారాల్లో తేలాలన్నది దాని ఆశయం. తిరిగి వెళితే బిడ్డకు తీవ్రమైన హాని ఉంటుందని తల్లి అంటే, ఇంగ్లండ్ కోర్టు తండ్రి దగ్గర అండర్‌టేకింగ్, అంటే కోర్టుకిచ్చే హామీ, తీసుకోవడం అలవాటు: వేరే ఇల్లు చూపిస్తాను, జోలికి వెళ్లను, క్రిమినల్ కేసు వెనక్కి తీసుకుంటాను అని. ఆ హామీ విమానం దిగాక చెల్లుతుందా? ఐరోపాలోని అనేక దేశాల న్యాయ సంప్రదాయంలో అలాంటి పద్ధతే లేదు. అక్కడి జడ్జిని ముందే అడిగితే నిజం తెలుస్తుంది: మీ దగ్గర ఇదే ఆర్డరు, అంటే మిర్రర్ ఆర్డర్, దొరుకుతుందా? కస్టడీ కేసు ఎన్నాళ్లలో వింటారు? ఈ రెండు ప్రశ్నలకు అనుకూలమైన జవాబు వస్తే, కాగితం మీది హామీ తల్లీబిడ్డలకు నిజమైన రక్షణగా మారే వీలుంటుంది.

ఈ పనికి తోడుగా 1999 నుంచి న్యాయమూర్తుల కోసం ఒక పత్రిక వెలువడుతోంది. ఇన్‌క్యాడాట్ అనే భాండారంలో వివిధ దేశాల తీర్పుల సారాంశాలు ఉచితంగా దొరుకుతాయి. ఏ ఊరి వకీలైనా చదువుకోవచ్చు.

మన దేశం ఆ 1980 ఒప్పందంలో చేరలేదు. లా కమిషన్ 2009లో చేరమంది. 2016లో ఇదే విషయంపై మరో నివేదిక ఇచ్చింది. హింస నుంచి తప్పించుకుని పుట్టింటికి వచ్చిన ఆడపిల్లల మాటేమిటన్న అభ్యంతరం గట్టిది, దాన్ని తేలిగ్గా తీసిపారేయకూడదు. కానీ ఒప్పందం లేకపోతే సంభాషణే లేదనుకోనక్కర్లేదు. పాకిస్తాన్ ఇంకా అందులో చేరని రోజుల్లోనే, 2003 జనవరిలో, బ్రిటన్, పాకిస్తాన్ న్యాయమూర్తులు లండన్‌లో కూర్చుని పిల్లల విషయంలో ఒక అవగాహనకు వచ్చారు.

అమెరికాలో, ఆస్ట్రేలియాలో కాపురాలున్న మన పిల్లల కేసులు హైదరాబాద్, విజయవాడ ఫ్యామిలీ కోర్టుల మెట్లు ఎక్కుతూనే ఉన్నాయి. ఆ కేసులు వాదించే మిత్రులకు నా విన్నపం ఒక్కటే. 2013 సూత్రాలు ఒకసారి చదవండి. అవతలి దేశంలో ఏ ఆర్డరు నిజంగా అమలవుతుందో అక్కడి వకీలుని అడిగి తెలుసుకున్నాకే పిటిషన్ వేయండి.