తీర్పు రాకముందే కొన్న షేరు

కాకినాడలో ఉండే మా అన్నయ్య కొడుకు మొన్న ఫోన్ చేశాడు. "బాబాయ్, గ్యాస్ కేసులో రిలయన్స్ ఓడితే డబ్బు ఓఎన్‌జీసీకే కదా, ఇప్పుడే ఆ షేర్లు కొని పెట్టుకోనా?" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. కోర్టు తీర్పు మీద పందెం కాయొద్దని ఈ కాలమ్‌లో ఎన్నిసార్లు మొత్తుకున్నానో పాత పాఠకులకు తెలుసు.

వాడు చూసుకోని సంగతి ఒకటుంది. కృష్ణా-గోదావరి తీర సముద్రంలో రిలయన్స్ బ్లాకు కేజీ-డీ6 పక్కనున్న తమ బ్లాకుల్లోని గ్యాస్‌ను రిలయన్స్ బావులు లాగేస్తున్నాయని ఓఎన్‌జీసీ ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది 2014లో. సముద్రం అడుగున నిల్వలు కలిసే ఉన్నాయనీ, గ్యాస్ అటు వెళ్లిందనీ 2015లో డీగోల్యర్ అండ్ మెక్‌నాటన్ నిపుణులు తేల్చారు. కానీ 2016లో జస్టిస్ ఏ.పి. షా కమిటీ, పరిహారం రావాల్సింది ఓఎన్‌జీసీకి కాదు, ప్రభుత్వానికి అంది. అంటే కేంద్రం గెలిచినా ఆ సొమ్ము ఖజానాకే. ఓఎన్‌జీసీ వాటాదారుడు దాని మీద ఆశ పెట్టుకోవడానికి లేదు.

తర్వాత కథ ఎన్ని మలుపులు తిరిగిందో చూడండి. కేంద్రం అడిగిన ఆ పరిహారం మీద 2018లో ఆర్బిట్రేషన్ ట్రిబ్యునల్, ఇద్దరు ఒకవైపు, ఒకరు మరోవైపుగా, రిలయన్స్, దాని భాగస్వాముల వైపు తీర్పిచ్చింది. 2023లో హైకోర్టు సింగిల్ జడ్జి దాన్ని నిలబెట్టారు. 2025 ఫిబ్రవరి 14న డివిజన్ బెంచ్ కొట్టేసింది. మార్చిలో కేంద్రం 281 కోట్ల డాలర్లు కట్టమంది. మొదట అడిగింది 155 కోట్లు. ఒక్కో మలుపులో ఒక్కో రకం వాటాదారు సంబరపడ్డాడు, ఒక్కో రకం దిగాలుపడ్డాడు.

తీర్పు మీద పందెం అనగానే నాకు 2010 మే 7 గుర్తొస్తోంది. రాజమండ్రిలో ఒక బ్రోకరు ఆఫీసు, గోడకు టీవీ, దాని అడుగున పరుగెత్తే ధరల పట్టీ. ఇదే కేజీ-డీ6 గ్యాస్ మీద అంబానీ అన్నదమ్ముల తగువులో సుప్రీంకోర్టు తీర్పు ఆ రోజే. ఒక రిటైర్డు మాస్టారు చేతిలో డీమ్యాట్ స్టేట్‌మెంటు మడతపెట్టి పట్టుకుని కూర్చున్నారు. ఆ అన్నదమ్ముల ఆస్తుల విభజనలో, అన్న చేతిలోని రిలయన్స్ షేరుతోపాటు ఆయనకు తమ్ముడి కంపెనీ ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్ షేర్లు కూడా వచ్చాయి. అంతకుముందు ఏడాది బాంబే హైకోర్టు తమ్ముడి వైపు చెప్పాక ఆయన ఇంకొన్ని కొన్నారు. అన్నదమ్ముల ఒప్పందం ప్రకారం యూనిట్‌కు 2.34 డాలర్ల చొప్పున పదిహేడేళ్లు గ్యాస్ దొరికితే ఆ చిన్న కంపెనీ దశ తిరుగుతుందని ఆయన లెక్క. అప్పుడు ప్రభుత్వం ఖరారు చేసిన ధర 4.20. ఆ తేడా అంతా లాభమే కదా అనేవారు.

తీర్పు అన్న వైపు వచ్చింది. ఆర్‌ఎన్‌ఆర్‌ఎల్ షేరు ఒక్క రోజులో ఐదో వంతుకు పైగా పడిపోయింది. మాస్టారు లేచి వెళ్తూ నన్నడిగిన మాట: "ఆ ఒప్పందం కాగితం మనకెప్పుడైనా చూపించారా?"

ఆ తర్వాత తీర్పు చదివాను. ఆ ధర్మాసనంలో ఉన్న మన జస్టిస్ సుదర్శన్ రెడ్డి విడిగా రాసింది కూడా చదివాను. అన్నదమ్ముల ఒప్పందం కుటుంబం లోపలిది, లక్షల మంది వాటాదార్లకు తెలియనిది, కాబట్టి కంపెనీ దానికి కట్టుబడనక్కర్లేదని మెజారిటీ చెప్పింది. మాస్టారు అడిగిన ప్రశ్నే అక్కడ న్యాయసూత్రమై కూర్చుంది.

అందుకే ఇన్నేళ్లుగా నేను చేసిన వాదన పూర్తిగా సరైనది కాదేమో అనిపిస్తోంది. ఊహాగానాన్ని ఆశపోతుతనంగా తిట్టడం తేలిక. అసలు కాగితం కనిపించని చోట వాటాదారుడు ఊహించక ఏం చేస్తాడు? మావాడు ఓఎన్‌జీసీ కొంటానన్నది పొరపాటే. కానీ ఆ గ్యాస్ సొమ్ము ఎవరికి చేరుతుందని అడిగాడు. ఆ సముద్రం ఒడ్డునే పుట్టిన మనలో ఎంతమందిమి అడిగాం? ఆ గ్యాస్ జనానిదని ఆ 2010 తీర్పులోనే సుప్రీంకోర్టు చెప్పి ఇన్నేళ్లయింది.

155 కోట్లు 281 కోట్లు ఎలా అయ్యాయి? ఎంత గ్యాస్‌కు, ఏ ధర వేసి, వడ్డీ ఏ తేదీ నుంచి లెక్కగట్టారు? ఆ లెక్కను ప్రభుత్వం వరుసగా, అందరికీ అర్థమయ్యే మాటల్లో బయటపెట్టాలి. కంపెనీలు కూడా వార్షిక నివేదిక చివర నోట్లలో రెండు వాక్యాలతో సరిపెట్టకుండా, ఓడితే తమ వాటాకు ఎంత పడుతుందో ముందు పేజీల్లోనే చెప్పాలి.