బతుకమ్మ ఆధునిక రూపం – పాట చెప్పే గొంతు: ఒక పరిశీలన

ఉపోద్ఘాతం

సంప్రదాయాన్ని కాలానికి తగినట్లు మలచుకోవాలన్న విషయంలో పండితులకూ పాలకులకూ సామాన్యులకూ పెద్దగా భేదాభిప్రాయం లేదు. మలచుకునేటప్పుడు దేనిని నిలుపుకోవాలి, దేనిని వదులుకోవచ్చు అన్న దగ్గరే భేదం మొదలవుతుంది. తెలంగాణలో ఈ ప్రశ్నకు మన కళ్లముందున్న ఉదాహరణ బతుకమ్మ. 2014లో రాష్ట్రం ఏర్పడిన వెంటనే బతుకమ్మ రాష్ట్ర పండుగ అయింది; తంగేడు రాష్ట్ర పుష్పమైంది. 2016 అక్టోబరు 8న హైదరాబాదు లాల్ బహదూర్ స్టేడియంలో 9,292 మంది స్త్రీలు ఏకకాలంలో ఆడి గిన్నిస్ రికార్డుకెక్కారు. 2017 నుంచి కొన్నేళ్లపాటు సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన బతుకమ్మ చీరలు ఊరూరా పంపిణీ అయ్యాయి. ఊరి వాకిట ఆడే ఆట కొద్దికాలంలోనే ప్రభుత్వోత్సవంగా, ప్రవాసులకు గుర్తింపు చిహ్నంగా మారింది.

ఈ మార్పు గురించిన చర్చ సాధారణంగా రెండు దారులలో నడుస్తుంది. మరుగునపడ్డ పండుగకు గౌరవం దక్కిందన్న సంతోషం మొదటిది. అసలు బతుకమ్మ పోయిందన్న విచారం రెండవది. రెండూ బతుకమ్మను ఒక వస్తువుగానే చూస్తాయి. ఈ వ్యాసం దానిని ఒక సాహిత్య సంస్థగా చూస్తుంది. పాట పుట్టడానికి, నేర్వబడడానికి, మారడానికి ఒక సమాజం ఏర్పరచుకున్న పద్ధతినే ఇక్కడ సంస్థ అంటున్నాను. నిజామాబాదు జిల్లా మాక్లూర్ మండలంలో పరిశోధనలో భాగంగా గమనించిన విషయాలు ఈ పరిశీలనకు ఆధారం. బతుకమ్మను పునర్నిర్మించుకున్న క్రమంలో పూలనూ తేదీలనూ వలయాన్నీ కాపాడుకున్నాం గాని, పాట చెప్పే గొంతును కాపాడుకోలేదన్నది ఈ వ్యాస ప్రతిపాదన.

పాట నిర్మాణం – పల్లవి చేసే పని

బతుకమ్మ పాటలో ఒకామె పాట చెబుతుంది, తక్కినవారు అందుకుంటారు. పాదం చివర 'ఉయ్యాలో', 'చందమామ', 'గౌరమ్మ', 'కోల్' వంటి పల్లవి పదం ఒకటి వస్తుంది. రాతలో చూస్తే ఈ పదం పునరుక్తిగా, అర్థం లేని పూరణగా తోస్తుంది. చాలా సంకలనాలలో మొదటి రెండు మూడు పాదాల తరువాత దానిని అచ్చువేయకపోవడానికి కారణం ఇదే.

ప్రదర్శనలో దాని పని వేరు. వలయంలోని వారు పాదాన్నీ పల్లవినీ అందుకుంటున్నంతసేపు పాట చెప్పే ఆమెకు కొంత వ్యవధి దొరుకుతుంది. తరువాతి పాదాన్ని గుర్తు చేసుకోవాలన్నా, మరిచిపోతే కొత్తది కట్టాలన్నా, ఎదురుగా ఉన్న కోడలి పేరో చుట్టం ఊరో చేర్చాలన్నా ఆమె చేతిలో ఉన్నది ఆ వ్యవధే. పల్లవి అలంకారం కాదు. రచనకు దొరికిన తీరిక.

ఆల్బర్ట్ లార్డ్ 1960లో ప్రచురించిన 'ద సింగర్ ఆఫ్ టేల్స్' గ్రంథంలో యుగోస్లావియా కథాగాయకులు కంఠస్థం చేసిన పాఠాన్ని అప్పజెప్పడం లేదని, సూత్రబద్ధమైన పదబంధాల సాయంతో పాడుతూనే రచిస్తున్నారని నిరూపించాడు. ఆ సిద్ధాంతం బతుకమ్మకు కొంతవరకే వర్తిస్తుంది. అక్కడ రచించే గాయకుడు ఒక్కడే, చుట్టూ శ్రోతలు. ఇక్కడ శ్రోతలు లేరు. అందుకునే ప్రతి స్త్రీ రేపటికి పాట చెప్పగలిగిన స్త్రీయే.

ఈ నిర్మాణం వల్లనే బతుకమ్మ పాట ప్రతి తరంలోనూ కొత్త వస్తువును స్వీకరించగలిగింది. ధర్మాంగద సత్యవతుల కథ, గౌరి పుట్టింటి రాక, సీత కష్టాలు ఒకవైపు. అత్తవారింటి ఆరళ్లు, కరువు, దొర దౌర్జన్యం మరొకవైపు. 1946–51 నాటి తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటం ఉయ్యాల పాట బాణీని తన ప్రచారానికి వాడుకుంది. మలిదశ తెలంగాణ ఉద్యమంలో రహదారుల మీద, కార్యాలయాల ముందు బతుకమ్మలు పెట్టి ఆడినప్పుడూ జరిగింది ఇదే. వస్తువు మారింది, చెప్పే గొంతు, అందుకునే గొంతుల సంబంధం మారలేదు. బతుకమ్మకు ఆధునికత బయటి నుంచి తెచ్చిపెట్టవలసినది కాదనడానికి ఇదే రుజువు. మారడానికి కావలసిన సాధనం దాని పాదంలోనే ఉంది.

వలయం – గొంతు పరిధి

నిజామాబాదు–ఆర్మూరు దారిలో ఉన్న మాక్లూర్ చుట్టుపక్కల పల్లెలలో వరి, పసుపు పండుతాయి. స్త్రీలు బీడీలు చుడతారు. చాలా ఇళ్లలో మగవారు గల్ఫ్ దేశాలలో ఉంటారు. ఇక్కడి ఒక ఊరిలో సద్దుల బతుకమ్మ నాటి సాయంత్రం గుడి ముందు రెండు వలయాలను చూశాను. డీజే పెట్టెలకు ఎదురుగా ఉన్న పెద్ద వలయంలో పడుచులు, చదువుకునే అమ్మాయిలు ఉన్నారు. రికార్డు పాట వేగానికి తగినట్లు వారి అడుగు పడుతున్నది. వారి నోళ్లు మాత్రం కదలడం లేదు. కదలవలసిన అవసరమూ లేదు. గోడ వారగా ఉన్న చిన్న వలయంలో పది పన్నెండు మంది పెద్దవాళ్లు తమ పాట తామే చెప్పుకుంటున్నారు. డీజే హోరులో ఒకరి మాట ఒకరికి వినిపించడానికి ఆ వలయం దగ్గర దగ్గరగా ముడుచుకుపోయింది.

వలయం పరిమాణాన్ని నిర్ణయించేది గొంతు పరిధి అన్న సంగతి అప్పుడు అర్థమైంది. పాట చెప్పే ఆమె గొంతు ఎంత దూరం వినబడుతుందో అంతవరకే ఒక వలయం. జనం పెరిగితే వలయం పెరగదు, రెండవ వలయం పుడుతుంది. రెండవ వలయానికి పాట చెప్పే మరొక స్త్రీ కావాలి. అంటే జనం పెరిగిన కొద్దీ కవయిత్రులు పెరిగే ఏర్పాటు అది. లౌడ్ స్పీకరు వచ్చాక ఈ లెక్క తలకిందులైంది. వలయం ఎంత పెద్దదైనా ఒక్క పాట చాలు. 9,292 మంది ఒకే పాటకు అడుగు వేయగలరు గాని, అందులో ఒక్కరు చెప్పే పాదాన్ని తక్కినవారు అందుకోలేరు. ఆ రికార్డు గొప్పదే. అయితే అది నర్తకుల సంఖ్యకు వచ్చిన రికార్డు.

చిన్న వలయంలో ఆ సాయంత్రం విన్నది గౌరి పుట్టింటి పాట. ప్రసిద్ధమైన కథనంలో చెల్లెలిని తోలుకపోవడానికి అన్న వస్తాడు. పాట చెబుతున్న ఆమె ఆ అన్నను దుబాయికి పంపింది. ఈ ఏడు చుట్టీ దొరకలేదని ఒక పాదం కట్టింది. అందుకునేవారు ఒక్క క్షణం తడబడి, ఆ పాదాన్ని రెండుసార్లు అందుకున్నారు. ఆ రెండవసారి ఆమోదం. జానపద సాహిత్యంలో విమర్శ జరిగే తీరు అదే: నచ్చిన పాదం మళ్లీ అందుకోబడుతుంది, నచ్చనిది అక్కడే ఆగిపోతుంది. పది అడుగుల దూరంలోని డీజే పాటలో ఈ ఏర్పాటుకు చోటు లేదు.

నేర్పే వ్యవస్థ – బొడ్డెమ్మ

పాట చెప్పే స్త్రీ ఎక్కడ తయారవుతుందన్నది తరువాతి ప్రశ్న. జవాబు బొడ్డెమ్మ. భాద్రపద బహుళపక్షంలో పెళ్లికాని ఆడపిల్లలు పుట్టమన్నుతో మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను చేసి, పూలు పెట్టి, చుట్టూ ఆడతారు. అది ముగిశాకే బతుకమ్మ మొదలవుతుంది. పండుగల క్రమంగా మాత్రమే చూస్తే రెండు వేడుకలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయనిపిస్తుంది. సంస్థగా చూస్తే మొదటిది రెండవదానికి బడి. తప్పు పాడినా నవ్వి ఊరుకునే తోటి పిల్లల మధ్య మొదటిసారి పాట చెప్పడం, పాదం తప్పితే మరొకటి అతికించడం అక్కడే అలవడతాయి.

ప్రభుత్వోత్సవంలో బతుకమ్మకు దక్కిన స్థానం బొడ్డెమ్మకు దక్కలేదు. కారణం ఊహించడం కష్టం కాదు. బొడ్డెమ్మ చిన్నది, మన్నుది, పిల్లలది. వేదిక మీద నిలబెట్టదగిన రూపం దానికి లేదు. మాక్లూర్ పరిసరాలలో నేను మాట్లాడిన కళాశాల విద్యార్థినులలో బతుకమ్మ ఆడనివారు లేరు. బొడ్డెమ్మ ఆడినవారు చాలా తక్కువ. ఫలితాన్ని మనకు మనం తెచ్చుకున్న కరువు అనవచ్చు. పంట గురించి పండుగ చేసి, నారుమడిని మరిచాం.

నిర్వహణ ఎవరి చేతిలో?

సంస్థ మారినప్పుడు అధికారం ఎవరి చేతికి వెళ్లిందో చూడకపోతే విమర్శ సగంలో ఆగినట్లు. నిజామాబాదు, ఆర్మూరు ప్రాంత గ్రామాలలో గ్రామాభివృద్ధి కమిటీలు బలమైనవి. పాత కులపంచాయతీకీ ఆధునిక పాలనకూ నడుమ పుట్టిన ఈ కమిటీలు కూడా సంప్రదాయ సంస్థకు వచ్చిన కొత్త రూపమే. గుడులు కట్టించడం, చందాలు పోగుచేయడం, పండుగలు జరిపించడం వీటి పనులు. జరిమానాలు, సాంఘిక బహిష్కరణల కారణంగా పలుమార్లు వార్తలకెక్కినవీ ఇవే. వీటికి చట్టబద్ధ హోదా లేదు. వీటిలో స్త్రీల స్వరం వినబడడం అరుదు.

బతుకమ్మ నిర్వహణలో డీజే, దీపాలు, వేదిక, బహుమతులు చేరిన తరువాత ఖర్చు చేరింది. ఖర్చుతో పాటు కమిటీలు చేరాయి. ఏ పాట పెట్టాలో, ఎప్పుడు ఆపాలో నిర్ణయించేది ఇప్పుడు మీటల దగ్గర నిలబడిన యువకుడు. స్త్రీలు తమంతట తాము నడుపుకునే కొద్దిపాటి సాహిత్యక్షేత్రాలలో ఒకటి ఈ విధంగా, ఎవరి దురుద్దేశమూ లేకుండానే, చేయి మారింది.

ఆక్షేపణలు – సమాధానాలు

ఈ వాదంపై రెండు ఆక్షేపణలు రావచ్చు. మొదటిది: రికార్డు పాట లేకపోతే పాటలు రాని పట్టణ స్త్రీలు, విదేశాలలోని తెలంగాణ కుటుంబాలు బతుకమ్మ ఆడనే ఆడలేవు కదా? ఇది కాదనలేనిది. రికార్డు పాట ఎందరినో తిరిగి వలయంలోకి తెచ్చింది. 2021లో తెలంగాణ జాగృతి పూనికతో వచ్చిన 'అల్లిపూల వెన్నెల'ను – మిట్టపల్లి సురేందర్ సాహిత్యం, ఎ.ఆర్. రహమాన్ సంగీతం, గౌతమ్ వాసుదేవ్ మేనన్ దర్శకత్వం – బతుకమ్మ మీద వచ్చిన కళాగేయంగా ఆదరించవలసిందే. దానిని ఊరి పాటతో పోల్చి తక్కువ చేయడం అనుచితం; అవి రెండు వేర్వేరు ప్రక్రియలు. ఒక ప్రక్రియ రెండవదాని స్థానాన్ని ఆక్రమించడమే చిక్కు.

రెండవ ఆక్షేపణ మరింత బలమైనది. పాత వలయం అందరిదీ కాదు. వాడల వారీగా, కులాల వారీగా వలయాలు వేరువేరుగా ఉండేవి. దళిత స్త్రీల బతుకమ్మ ఊరి బతుకమ్మకు దూరంగా సాగేది. ఉద్యమం, ఆ తరువాత ప్రభుత్వోత్సవం అందరినీ ఒక మైదానంలోకి తెచ్చాయి. ఇది నిజమైన లాభం. పాత పద్ధతి మీది మమకారంతో దీనిని వదులుకోరాదు. అయితే ఒకే మైదానంలో నిలబడినంత మాత్రాన అందరికీ మాట దక్కినట్లు కాదు. వాడకొక పాట ఉన్నప్పుడు దళిత స్త్రీకి తన వాడలోనైనా పాట చెప్పే అధికారం ఉండేది. కొత్త మైదానంలో ఆమె పక్కన నిలబడిన స్త్రీకీ లేదు, ఆమెకూ లేదు. మౌనంలో సాధించిన సమానత్వాన్ని మాటలో సాధించడమే ఇక చేయవలసిన పని.

ఎరిక్ హాబ్స్‌బామ్, టెరెన్స్ రేంజర్‌ల సంపాదకత్వంలో 1983లో వచ్చిన 'ది ఇన్వెన్షన్ ఆఫ్ ట్రెడిషన్' ఇక్కడ ఉపకరిస్తుంది. ఆచారం మార్పును అనుమతిస్తుందని, కల్పిత సంప్రదాయం మారనితనాన్ని లక్షణంగా చేసుకుంటుందని హాబ్స్‌బామ్ వివేచించాడు. బతుకమ్మ విషయంలో ఈ వైపరీత్యం స్పష్టం. మనం పాతదనుకునేది అనుక్షణం మారేది. కొత్తదనుకునేది ప్రతి ఏడూ అదే వేగంతో, అదే పాదాలతో తిరిగి వినిపించేది.

ఉపసంహారం

ఈ నష్టంలో మన శాఖల వంతు కూడా ఉంది. బిరుదురాజు రామరాజు పరిశోధన 1958లో 'తెలుగు జానపదగేయ సాహిత్యము'గా వెలువడిన నాటి నుంచి జానపద గేయానికి విశ్వవిద్యాలయంలో గౌరవం దక్కింది. ఆ పునాది మీద నిలబడే ఈ మాట అనగలుగుతున్నాను: తరువాతి కాలంలో మనం ఎక్కువగా పాఠాన్ని సేకరించాం, ప్రక్రియను సేకరించలేదు. పల్లవిని తొలగించి, చెప్పినామె పేరు వదిలి, ఒక్క పాఠాన్ని స్థిరపరిచి అచ్చువేశాం. రికార్డు పాట మైదానంలో చేసిన పనిని మనం కాగితం మీద ముందే చేశాం.

ఇకమీదటి సేకరణలో పాట చెప్పినదెవరు, ఏ పాదం ఆమె కట్టినది, వలయం దేనిని రెండుసార్లు అందుకున్నది, దేనిని విడిచిపెట్టింది అన్నవి నమోదు కావాలి. పాఠశాలల్లో, కళాశాలల్లో బతుకమ్మ సంబురాలకు ముందు ఆడపిల్లలకు బొడ్డెమ్మ రోజులు కల్పించవచ్చు. ఉత్సవ వేదికల మీద ఒక గంటసేపు పెట్టెలు ఆపి, అన్ని వాడల స్త్రీలకు చిన్న వలయాలలో పాట చెప్పే అవకాశం ఇవ్వవచ్చు. వీటిలో ఏదీ పెద్ద ఖర్చుతో కూడినది కాదు.

సంప్రదాయ పునర్నిర్మాణాన్ని అంచనా కట్టడానికి ఎంతమంది పాల్గొన్నారన్నది ఒక కొలత మాత్రమే. పాల్గొన్న మనిషి తరువాతి పాదాన్ని తానే చెప్పగలదా అన్నది అసలు కొలత. మాక్లూర్ దగ్గరి ఆ గోడ వారన పది పన్నెండు మంది స్త్రీలకు ఆ శక్తి ఇంకా ఉంది. వారిలో చాలామంది అరవై దాటినవారు.