సమ్మేళన కళలో శిక్షణ: సురభి అనుభవం

రెండు మూడు కళారీతులను కలిపి కొత్త ప్రదర్శనను రూపొందించడాన్ని నేడు ఫ్యూజన్ అంటున్నాం. ఈ పాఠంలో దానిని సమ్మేళన కళ అని పిలుద్దాం. ఇటువంటి కళ కోసం ఉత్సవాలు జరుగుతున్నాయి, శిక్షణ సంస్థలు వెలుస్తున్నాయి. ఒక సంస్థ ఎదిగిందని విమర్శకుడు ఏ కొలమానంతో చెప్పాలి? ఎందరు చూశారన్నది ఒక కొలమానం. ఎందరు నేర్చుకున్నారు, వారిలో ఎందరు నేర్పగలరు అన్నది మరొకటి. కడప జిల్లాలో పుట్టిన సురభి నాటక సమాజం ఆధారంగా ఈ రెండో కొలమానాన్ని పరిశీలిద్దాం.

1. పుట్టుక, కలయిక

1876-78 నాటి ధాత కరువు కర్నూలు, కడప జిల్లాలను కుదిపివేసింది. ఆ తరువాత పదేళ్లు తిరగకముందే, 1885లో, కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు 'కీచకవధ' నాటకాన్ని ప్రదర్శించారు. సమాజానికి ఆ ఊరి పేరే స్థిరపడింది. వీరి పూర్వులు మహారాష్ట్ర ప్రాంతం నుంచి వలస వచ్చిన తోలుబొమ్మలాట కళాకారులు. బొమ్మలాటలోని పురాణకథ, తెలుగు నాటకంలోని రాగయుక్త పద్యం, పార్శీ నాటకశాలల చిత్రించిన తెరలు, యంత్రాల కనికట్టు సురభి రంగస్థలం మీద ఒకటయ్యాయి. 'మాయాబజార్'లో అద్భుత దృశ్యాలు చూసి ఆనందించే ప్రేక్షకుడికి ఇన్ని మూలాలున్నాయని తోచదు. అతుకులు కనబడకపోవడమే మంచి సమ్మేళనానికి గుర్తు.

2. కుటుంబమే బడి

సురభిలో ప్రవేశ పరీక్ష లేదు, పాఠ్యగ్రంథం లేదు. పిల్లలు తెరల వెనుక పెరిగి, బాలపాత్రలతో మొదలుపెట్టి, పెద్దల పద్యాలు వింటూ నేర్చుకొనేవారు. నటుడే తెర లాగేవాడు, దీపాలు చూసుకొనేవాడు. స్త్రీ పాత్రలను పురుషులే ధరించే కాలంలో ఈ సమాజం స్త్రీలను రంగస్థలం మీద నిలబెట్టింది. తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' (1932)లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ బడి నుంచి వచ్చినవారే. గోవిందరావు సంతానం, అల్లుళ్లు వేరువేరు సమాజాలు పెట్టుకోవడంతో శాఖలు పెరిగాయి. అంటే సంస్థ విస్తరణకు వివాహమే మార్గమైంది.

3. ఒక పోలిక

ఇందుకు భిన్నమైన మార్గం ఒకటి అమెరికాలో కనిపిస్తుంది. 1968లో జమీలా సలీంపూర్ కాలిఫోర్నియాలోని ఒక జాతర కోసం 'బాల్ అనాత్' అనే బెల్లీ డాన్స్ బృందాన్ని ఏర్పరిచారు. ఆ పరంపరలోనే 1987లో కారొలీనా నెరిచియో శాన్‌ఫ్రాన్సిస్కోలో 'ఫ్యాట్‌చాన్స్ బెల్లీడాన్స్'ను ప్రారంభించారు. ముందున్న నర్తకి ఇచ్చే సంకేతాన్ని బట్టి మిగిలినవారు అప్పటికప్పుడు కలిసి నర్తించడం ఈ పద్ధతి. కదలికలు, సంకేతాలు స్థిరపడ్డాయి కనుక ఎవరైనా నేర్చుకోవచ్చు, నేర్పవచ్చు. అందువల్లనే అది దేశదేశాలకు పాకింది, దాని చుట్టూ ఉత్సవాలు ఏర్పడ్డాయి. అయితే లోపమూ ఉంది. మన రవిక, బొట్టు అక్కడ వేషంలో భాగమయ్యాయి గాని వాటి వెనుక ఉన్న మనుషులు, సందర్భం అంతగా వెళ్లలేదు. ఆ నృత్యానికి పెట్టుకున్న 'ట్రైబల్' అనే పేరు కూడా విమర్శకు గురై, చివరకు ఆ సంస్థే దానిని వదులుకుంది.

4. గుణదోష విచారణ

ఈ రెండింటిని పక్కపక్కన పెడితే విషయం తేటపడుతుంది. అక్కడ తలుపు తెరిచి ఉంది, మూలంతో బంధం పలుచన. ఇక్కడ మూలం చిక్కగా ఉంది, తలుపు మూసి ఉంది. సినిమా, టెలివిజన్ వచ్చి ప్రేక్షకులు తగ్గినప్పుడు, పిల్లలు చదువులకు, ఉద్యోగాలకు వెళ్లినప్పుడు, సురభికి బయటినుంచి కొత్త విద్యార్థులు వచ్చే దారి లేకపోయింది. ఒకప్పుడు పదుల సంఖ్యలో ఉన్న సమాజాలు నేడు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే మిగిలాయి. పిల్లలు చదువుకోవడాన్ని తప్పుపట్టే విమర్శ న్యాయమైనది కాదు. కళ బతకడానికి పిల్లల చదువును బలి అడగకూడదు.

1990లలో ప్రసిద్ధ దర్శకుడు బి.వి.కారంత్ సురభి నటులతో 'భీష్మ', 'చండీప్రియ', బ్రెక్ట్ నాటకం ఆధారంగా 'బస్తీ దేవత యాదమ్మ' రూపొందించారు. పౌరాణిక పాత్రలలో పండిన నటులు ఆధునిక నాటకాన్నీ మోయగలరని ఇది రుజువు చేసింది. కాని శిబిరం వేరు, పాఠశాల వేరు. శిబిరం ప్రతిభను బయటపెడుతుంది. పాఠశాల దానిని తరువాతి తరానికి అందిస్తుంది. 2013లో సురభి బాబ్జీగా పేరొందిన ఆర్. నాగేశ్వరరావుకు పద్మశ్రీ లభించింది. ఆ గౌరవం ఆ విద్యకు దక్కవలసినదే. అయితే తెర కట్టే పనితనం, పద్యం పాడే తీరు కుటుంబం వెలుపలివారికి కూడా క్రమపద్ధతిలో నేర్పే చోటు ఉండాలి. అది పుట్టిన కడప సీమలోనే ఉండటం మరింత ఉచితం.

5. ముగింపు

కాబట్టి సమ్మేళన కళాసంస్థను అంచనా వేసేటప్పుడు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఏ మూలాల నుంచి తీసుకుంది, వాటిని గుర్తించి చెబుతోందా? నేర్చుకోవడానికి ఎవరికి ప్రవేశం ఉంది? నేర్చుకున్నవారు గురువులు కాగలుగుతున్నారా? ఉత్సవం నాడు నిండిన కుర్చీలు వీటిలో దేనికీ సమాధానం చెప్పవు.

అభ్యాసం: కర్నూలు ప్రాంతపు గొరవయ్యల నృత్యాన్ని ఒక ఉత్సవంలో ఆధునిక సంగీతంతో కలిపి ప్రదర్శించదలచారని అనుకోండి. పై మూడు ప్రశ్నల ఆధారంగా ఆ ప్రయత్నాన్ని 20 పంక్తులలో విమర్శించండి.