ఎవరి గొడవ?

మాది పిట్టలవానిపాలెం. చిన్నప్పుడు తెనాలి వెళ్లాలంటే బాపట్ల దాకా బస్సు, అక్కణ్ణుంచి పాసింజరు రైలు. నిడుబ్రోలు దాటాక, తెనాలి రాకముందు చుండూరు స్టేషన్ వస్తుంది. ఒకసారి అక్కడ బండి ఆగినప్పుడు ఎదురు సీట్లో పెద్దాయన నాన్నతో, "గొడవ జరిగిన ఊరు ఇదే కదండీ?" అన్నాడు. "ఆఁ, ఇదేనండీ" అన్నాడు నాన్న. బండి కదిలింది, మాట ధాన్యం రేటు మీదకి పోయింది. "ఏం గొడవ నాన్నా?" అని నేనడిగితే, "నీకెందుకురా పెద్దోళ్ల సంగతులు" అన్నాడు.

గొడవ. గట్టు కాడ నీళ్లకోసం పడేదీ గొడవే, పెళ్లిలో మర్యాదలు తక్కువయ్యాయని చేసేదీ గొడవే. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితుల్ని వెంటాడి చంపి, కొందరి శవాల్ని గోతాల్లో కుక్కి కాలవల్లో పడేసిన దానికి కూడా మా ఇంట్లో అదే మాట. ఇద్దరూ సమానంగా అరుచుకున్నట్టు, తప్పు సగం సగం అన్నట్టు. మాకు పొలం ఉంది. మాలపల్లె, మాదిగపల్లె మా ఊరికీ ఓ పక్కన ఉన్నాయి. ఆ మాట వాడి తప్పుకోగలిగిన ఇల్లు మాది.

చాలా ఏళ్ల తర్వాత హైదరాబాద్‌లో, ఓ మిత్రుడి గదిలో అట్ట ఊడిపోయిన నిజనిర్ధారణ నివేదికల కట్ట దొరికింది. కవిత్వం కోసం వెతుకుతూ వాటిని తెరిచాను. ఆ రాత్రి కవిత్వం చదవలేదు. మన సాహిత్య విమర్శ ఈ కాయితాల్ని ఎందుకు ముట్టుకోలేదన్న ప్రశ్న అప్పుడు మొదలైంది. ఈ వ్యాసం దాని గురించే.

*

రాజకీయంగా పెద్ద కుదుపు వచ్చి పోయాక, ఆ కాలంలో జరిగిన దారుణాల్ని సమాజం ఎలా తేల్చుకోవాలి? నిజం ఎవరు రాయాలి, శిక్ష ఎవరికి పడాలి, బతికి ఉన్నవాళ్లకి ఏం ఇవ్వాలి? దీన్ని ట్రాన్సిషనల్ జస్టిస్ అంటున్నారు. తెలుగులో స్థిరపడిన మాట లేదు. సంధికాలపు న్యాయం అనుకుందాం. ఎక్కువగా చెప్పే ఉదాహరణ అర్జెంటీనా. 1983లో సైనిక పాలన పోయాక, మాయమైపోయిన మనుషుల గురించి తేల్చడానికి కమిషన్ వేసి ఒక నవలాకారుడిని అధ్యక్షుడిగా పెట్టారు. ఎర్నెస్టో సబాటో. 1984లో వచ్చిన ఆ నివేదిక, 'నుంకా మాస్', అంటే 'మళ్లీ ఎన్నడూ వద్దు', పుస్తకంగా విపరీతంగా అమ్ముడుపోయింది.

మనకీ అలాంటి క్షణం ఒకటి వచ్చింది. 1977 మార్చిలో ఎమర్జెన్సీ పోయింది. కేంద్రంలో జనతా ప్రభుత్వం షా కమిషన్ వేసింది. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం ప్రభుత్వం మారలేదు, వెంగళరావు గారే ముఖ్యమంత్రి. అంటే ఢిల్లీలో సంధికాలం, హైదరాబాద్‌లో పాత కాలమే. ఆ పరిస్థితిలో జయప్రకాశ్ నారాయణ్ చొరవతో, వి.ఎం.తార్కుండే అధ్యక్షతన ఒక పౌర కమిటీ ఇక్కడి 'ఎన్‌కౌంటర్ల' మీద విచారణకి వచ్చింది. ప్రభుత్వ హోదా లేదు, సమన్లు పంపే అధికారం లేదు. ఊళ్లకి వెళ్లి మనుషుల్ని అడగడమే.

1975 జులై 25న, అప్పటి మెదక్ జిల్లా గిరాయిపల్లి అడవిలో నలుగురు యువకులు పోలీసు కాల్పుల్లో చనిపోయారు. ఎదురుకాల్పులన్నారు పోలీసులు. వాళ్లని పట్టుకొచ్చి, చెట్లకి కట్టేసి కాల్చారని తేల్చింది కమిటీ. దేశంలో 'ఎన్‌కౌంటర్' అనే మాటకి కొటేషన్ గుర్తులు పెట్టడం మనకి నేర్పింది ఇలాంటి నివేదికలే. ప్రభుత్వ పదకోశంలో ఉన్న ఒక మాటని తీసుకుని, సాక్ష్యాలు పేర్చి, దాని అర్థం తిరగేయడం సాహిత్యం చేసే పని కాదా?

ఆ కమిటీలో న్యాయవాది కన్నబిరాన్ ఉన్నారు. కాళోజీ నారాయణరావు కూడా ఉన్నారు. అర్జెంటీనాకి నవలాకారుడైతే మనకి కవి. 1953 నుంచీ 'నా గొడవ' పేరుతో కవిత్వం వేస్తూ వచ్చినాయన! మా రైలు పెట్టెలో పెద్దాయన 'గొడవ' అన్నప్పుడు, అది మనది కాదు, వాళ్లది అని అర్థం. కాళోజీ 'నా గొడవ' అన్నప్పుడు, ఎదుటివాడి బాధ నా మెడకి చుట్టుకుంది, దులుపుకోలేను అని అర్థం. మాట ఒకటే, మనిషి నిలబడ్డ చోటు వేరు. పౌరసమాజం అనే పెద్ద మాటకి ఇంతకంటే చిన్న నిర్వచనం నాకు తోచలేదు.

తర్వాత ఏమైంది? రాష్ట్ర ప్రభుత్వం వేసిన జస్టిస్ భార్గవ కమిషన్ విచారణ బహిరంగంగా సాగనివ్వలేదు, పని తేలకుండానే ముగిసింది. షా కమిషన్ నివేదిక ప్రతులు 1980 తర్వాత దొరకడమే గగనమైతే, 2010 ప్రాంతంలో ఇరా సెళియన్ అనే మాజీ ఎంపీ తన దగ్గరున్న ప్రతిని మళ్లీ అచ్చు వేయించాల్సి వచ్చింది. రాజ్యం నివేదికని పోగొట్టుకోగలదు. దాచుకోవలసింది మనుషులే.

*

తెలుగు విమర్శలో కారంచేడు, చుండూరు అనగానే దళిత కవిత్వం గురించి మాట్లాడతాం. న్యాయమే. 1995లో లక్ష్మీనరసయ్య, త్రిపురనేని శ్రీనివాస్ తెచ్చిన 'చిక్కనవుతున్న పాట' లేకపోతే మన ఆధునిక కవిత్వం ఇప్పుడున్నట్టు ఉండేది కాదు. ఆ కవితల్లో ప్రతీకల్ని, కోపాన్ని, భాషని గురించి బోలెడు రాశాం. అదే కాలంలో వచ్చిన నివేదికల గద్యం గురించి ఎవరూ రాయలేదు.

ఆ గద్యంలో విశేషణాలు తక్కువ. టైము ఉంటుంది. చెరువుకి, ఇంటికి మధ్య దూరం ఉంటుంది. దెబ్బ ఏ పక్క తగిలిందో, పోలీసులు ఎప్పుడు వచ్చారో, వచ్చి ఎటు నిలబడ్డారో ఉంటుంది. ఒక మనిషి చెప్పింది ఇంకో మనిషి చెప్పినదానికి తేడా ఉంటే ఆ తేడా కూడా ఉంటుంది. మంచి నివేదిక రాసినవాడు నన్ను ఏడిపించడానికి ప్రయత్నించడు. నేను పారిపోవడానికి వీల్లేకుండా తలుపులన్నీ మూస్తాడు, అంతే. బాలగోపాల్ ఇలా రాసేవారు. ఆయన సాహిత్య విమర్శకుడు కూడా, 'రూపం-సారం' చదివినవాళ్లకి తెలుసు. ఆయన విమర్శ వ్యాసానికి, హక్కుల నివేదికకి మధ్య గోడ నాకెప్పుడూ కనిపించలేదు. రెండిట్లోనూ పని ఒకటే: ఎవరి మాట ఎందుకు నమ్మాలో ఓపిగ్గా చెప్పడం.

కవిత మనల్ని కదిలిస్తుంది. ఆగస్టు 6 రాగానే నేనూ ఒక కవిత షేర్ చేసేవాణ్ణి. పదినిమిషాల్లో హృదయాలు పడేవి, మనసు తేలికయ్యేది. నివేదిక షేర్ చేస్తే ఎవరూ చదవరు. అది చదివాక మనసు తేలిక కాదు కాబట్టి.

*

నివేదికల మీద నాకున్న మోజుని కారంచేడు, చుండూరే కొంత సరిచేశాయి. తార్కుండే కమిటీ బయటినుంచి వచ్చింది. ఇక్కడ దెబ్బతిన్నవాళ్లే పౌరసమాజమయ్యారు.

1985లో, బ్యూనస్ ఎయిరిస్‌లో సైనిక పాలకుల మీద విచారణ నడుస్తున్న ఏడాదే, జులై 17న కారంచేడు జరిగింది. దళితులు చీరాల వచ్చి చర్చి ఆవరణలో శిబిరం పెట్టుకున్నారు. తిరిగి ఆ ఊరు వెళ్లబోమన్నారు. అక్కణ్ణుంచే దళిత మహాసభ పుట్టింది, కత్తి పద్మారావు, బొజ్జా తారకం ముందు నిలబడ్డారు. తారకం గారు హైకోర్టులో ప్రభుత్వ న్యాయవాది పదవి వదులుకున్నారు. నాలుగేళ్లకి, 1989లో, ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. దాని వెనక కారంచేడు ఉంది.

ఇది రాజకీయ కుదుపు ఎలా అవుతుంది, ఊళ్లో కులం ఎప్పుడూ ఉన్నదే కదా అని ఒక స్నేహితుడు అడిగాడు. నా జవాబు ఇది. చుండూరు దళితుల్లో చదువుకున్నవాళ్లున్నారు, రైల్వే ఉద్యోగాలకి వెళ్లినవాళ్లున్నారు. సినిమా హాల్లో కాలు తగిలిందని మొదలైన తగాదా సాంఘిక బహిష్కరణ దాకా పోయిందంటే, అక్కడ ఒక పాత వ్యవస్థ కదులుతోందని అర్థం. కుదుపు కింది నుంచి వచ్చింది, చట్టసభల్లో కనపడలేదు. హత్యలు దానికి జవాబు. మిగతా దేశాల్లో సంధికాలం వచ్చాక న్యాయం అడిగారు. ఇక్కడ సంధికాలాన్నే ఆపడానికి చంపారు.

చనిపోయినవాళ్లని చుండూరు దళితులు ఊరి మధ్య సమాధి చేసి ఆ చోటుకి రక్తక్షేత్రం అని పేరు పెట్టారు. ఊరవతల ఉండాల్సినవాళ్లు అన్న లెక్కని ఆ సమాధులే తప్పని చెప్పాయి. కోర్టు మా ఊరికే రావాలని అడిగారు. చివరికి వచ్చింది, చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. పౌరహక్కుల సంఘం నాయకుడు బి.చంద్రశేఖర్ స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్‌గా నిలబడ్డారు. 2007 జులై 31న 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు పడ్డాయి. పదహారేళ్లు పట్టింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. ఎప్పుడు, ఎక్కడ చంపారో, చంపినవాళ్లెవరో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేదంది. ఆ ఏడాదే సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది.

ఇక్కడ తేలిగ్గా కోపం తెచ్చుకుని వదిలేయడం నాకిష్టం లేదు. నేరం సందేహానికి తావులేకుండా రుజువు కావాలన్నది హక్కుల ఉద్యమమే జీవితమంతా కాపాడిన సూత్రం. కన్నబిరాన్ తన ఆత్మకథకి '24 గంటలు' అని పేరు పెట్టుకున్నారు. అరెస్టు చేసిన మనిషిని మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాల్సిన గడువు అది. పద్ధతి మీద ఆయనకి అంత పట్టింపు. అయితే వందలమంది తరుముతుంటే వరిచేలకి అడ్డంపడి పరిగెత్తిన మనిషిని పదమూడు, పదిహేనేళ్ల తర్వాత బోనెక్కించి, ఎన్ని గంటలకి, ఎవరు, ఏ ఆయుధంతో అని అడిగితే వచ్చే జవాబుని ఎలా చదవాలి? పొందిక లేని కథ అబద్ధం అనుకునే పాఠకుడు ఒకడు. అంత పొందికగా ఉంటేనే అనుమానించే పాఠకుడు ఇంకొకడు. ఇది చట్టం ప్రశ్నే కాదు, చదవడం ప్రశ్న. విమర్శకులుగా మనకి చెప్పుకోవడానికి ఏమన్నా ఉంటే ఇక్కడే ఉండాలి.

*

నివేదికల లోపాలూ చెప్పుకోవాలి. చాలావాటిలో ఊరి మనిషి గొంతు ఒక పేరాలో వినపడి, తర్వాత నగరం నుంచి వచ్చిన బృందం గొంతులోకి మాయమవుతుంది. ఆడవాళ్లు ఏడ్చినట్టు ఉంటుంది, శిబిరం నడిపినట్టు తక్కువ కనపడుతుంది. ఇంకోటి, రాజ్యం చేసిన హత్యని అంత వివరంగా రాసినవాళ్లు, ఉద్యమకారులు చేసిన హత్య దగ్గర ఎలా రాయాలన్నది పౌరహక్కుల సంఘాన్నే చీల్చిన ప్రశ్నల్లో ఒకటి. 1998లో బాలగోపాల్, మరికొందరు బయటికొచ్చి మానవ హక్కుల వేదిక పెట్టుకున్నారు. ఆ చర్చ సంస్థల గొడవ అనుకుని మనం పక్కన పెట్టాం. నిజానికి అది కథకుడి విశ్వసనీయత మీద జరిగిన చర్చ.

సంధికాలపు న్యాయంలో పెద్ద మాట సయోధ్య. దక్షిణాఫ్రికా కమిషన్ పేరులోనే ఉంది. మన ఊళ్లలో ఆ మాటకి అనువాదం 'రాజీ'. రాజీ అంటే కేసు వెనక్కి తీసుకోవడం, కూలికి మళ్లీ పిలవడం, తలవంచుకుని వెళ్లడం. చీరాలలో కాలనీ కట్టుకుని ఉండిపోయిన కారంచేడువాళ్లు ఆ రాజీకి ఒప్పుకోలేదు. కారంచేడు కేసులో 2008 డిసెంబరులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది, ఘటన జరిగిన ఇరవైమూడేళ్లకి. బయటి పుస్తకాల్లోంచి మాట తెచ్చుకునేటప్పుడు మన ఊళ్లో దానికి ఏ అర్థం వస్తుందో చూసుకోవాలి.

అర్జెంటీనాలోనూ కథ నేరుగా నడవలేదు. క్షమాభిక్ష చట్టాలు వచ్చాయి, శిక్ష పడ్డవాళ్లు బయటికొచ్చారు. 2005లో అక్కడి సుప్రీంకోర్టు ఆ చట్టాల్ని కొట్టేసింది, కేసులు మళ్లీ నడిచాయి. ఇరవై ఏళ్లపాటు వాటిని బతికించింది తెల్ల తలగుడ్డలు కట్టుకుని చౌరస్తాలో తిరిగిన అమ్మలు, దాచిన కాయితాలు.

2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు గుంటూరులోని చుండూరు, ప్రకాశంలోని కారంచేడు రెండూ బాపట్ల జిల్లాలోకి వచ్చాయి. మా పిట్టలవానిపాలెం కూడా. ఇప్పుడు మూడింటికీ ఒకటే కలెక్టరాఫీసు. ఈ జిల్లా చరిత్ర ఎవరన్నా రాస్తే చందోలు కోట గురించి, చీరాల నేత గురించి, బాపట్ల సముద్రం గురించి రాస్తారు. ఈ రెండు ఊళ్లకి ఎన్ని పేజీలిస్తారో, ఏ మాట వాడతారో చూడాలి.

పోయిన సంక్రాంతికి ఇంటికెళ్లినప్పుడు ఒక నివేదిక ఫొటోకాపీ నాన్నకిచ్చాను. కళ్లజోడు పెట్టుకుని రెండు పూటలు చదివాడు. "ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఇదంతా తెలీదురా" అన్నాడు. అది నిజం కాదని నాకూ తెలుసు, ఆయనకీ తెలుసు. కాసేపటికి తనే, "తెలుసుకోలేదు" అని దిద్దుకున్నాడు.